అడిగితే చేసేవాళ్లున్నారు: బెజవాడ వాళ్లకు ఐదు రాత్రుల ఓడ ప్రయాణం, రోజువారీగా

చెన్నై రేవులో ఓడెక్కి, విశాఖ, పుదుచ్చేరి చూసుకుని మళ్లీ చెన్నైలో దిగే ఐదు రాత్రుల విహారం విజయవాడ, గుంటూరు వాళ్లకు అందుబాటులో ఉన్న సముద్ర యాత్ర. 2022 జూన్‌లో కార్డీలియా క్రూజెస్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి విశాఖకు వచ్చిన దగ్గర్నుంచి మనవాళ్లలో దీని మీద ఆసక్తి పెరిగింది. తేదీలు, రేవులు సీజన్‌ని బట్టి మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేముందు ఆ ఏటి కార్యక్రమం చూసుకోవాలి.

ఈ యాత్రలో ఏ రోజు ఏం జరుగుతుందో, ఎక్కడెక్కడ ముక్కూమొహం తెలియని మనుషుల సాయం కావాల్సి వస్తుందో, అది ఎలా అందుతుందో ఇక్కడ చెబుతున్నాం. ఓడ మీద సాయం చేసేవాళ్లకు కొదవ లేదు. మనకు అడ్డొచ్చేది మొహమాటం. పాపం, వాళ్లనెందుకు ఇబ్బంది పెట్టడం అనుకుని పెద్దవాళ్లు కేబిన్లోనే కూర్చుండిపోతారు. పక్క కేబిన్ వాళ్లకు ఆ సంగతే తెలియదు.

ముందు రోజు: బెజవాడ నుంచి చెన్నై

పొద్దున్నే ఆరింటి వేళ విజయవాడలో కదిలే పినాకిని తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు, నెల్లూరు, గూడూరు మీదుగా మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్ చేరుతుంది. సుమారు 430 కిలోమీటర్లు. గుంటూరు వాళ్లు తెనాలి వెళ్లి ఎక్కొచ్చు. మధ్యాహ్నం దిగి సాయంత్రం ఓడెక్కేయొచ్చు కదా అని చాలామంది లెక్కవేస్తారు. అలా చేయొద్దు. ఓడ కదిలే వేళకు చాలా ముందే బోర్డింగు కౌంటరు మూసేస్తారు. గూడూరు అవతల బండి గంటసేపు నిలబడిందంటే యాత్ర మొత్తం పోయినట్టే. ముందు రోజే వెళ్లి సెంట్రల్ దగ్గర్లో ఎక్కడైనా పడుకుంటే రేవు ఆటో దూరమే.

బుక్ చేసినప్పుడే కంపెనీకి చెప్పాల్సినవి మూడున్నాయి. నడవలేని మనిషి ఉంటే చక్రాల కుర్చీ సంగతి. ఉల్లి, వెల్లుల్లి తినకపోయినా, షుగరున్నా, ఏదైనా పడకపోయినా తిండి సంగతి. ఆక్సిజన్, ఇన్సులిన్ లాంటి వైద్య అవసరం. రేవులో ఇచ్చే చక్రాల కుర్చీ సాధారణంగా ఎక్కడానికీ దిగడానికే. ఐదు రోజులూ కావాలంటే సొంతది మడిచి తెచ్చుకోవాలి. ఈ సంగతి తెలియక మొదటి సాయంత్రమే ఇరుక్కునేవాళ్లు ఎక్కువ.

సామానులో ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్, ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టొద్దు. స్కానర్ దగ్గర తీసి పక్కన పెడతారు. చాలా ఓడల్లో ఇంటి వంటను రానివ్వరు. ఆవకాయ, గోంగూర సీసాలకూ అదే గతి. సీలు తీయని బిస్కెట్లు, ఖాకరా లాంటి పొడి తిండికి సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ఇంకొక్కటి తయారుచేసుకోండి: పోస్టుకార్డులో సగమంత అట్టముక్క. ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఇంగ్లీషులో పేరు, కేబిన్ నంబరు, వెంట వచ్చినవాళ్ల ఫోను, వాడే మందులు, పడని తిండి రాయాలి. కేబిన్ నంబరుకు చోటు వదిలి ఓడెక్కాక నింపాలి. ఇంగ్లీషు, హిందీ రాని అమ్మమ్మ మెడలో ఇది వేలాడుతుంటే ఏ దేశపు మనిషైనా ఆమెను సరైన తలుపు దగ్గరికి చేర్చగలడు.

మొదటి రోజు: ఓడెక్కడం

ఆధార్ లాంటి ఫొటో గుర్తింపు కార్డు అసలుది, బోర్డింగు పాస్ చేతిలో ఉండాలి. పెట్టెలకు ట్యాగులు కట్టి కౌంటర్లో అప్పగిస్తే అవి కేబిన్ తలుపు దగ్గరికి వచ్చేసరికి కొన్ని గంటలు పడుతుంది, ఒక్కోసారి రాత్రవుతుంది. మందులు, కళ్లద్దాలు, పసిపిల్లల పాలసీసాలు, ఒక జత బట్టలు చేతిసంచీలోనే పెట్టుకోవాలి. పెట్టె రాలేదని గాభరా పడేవాళ్లకు మొదటి సాయం ఎక్కువగా పక్క కేబిన్ నుంచే వస్తుంది. టూత్‌పేస్టు, ఫోను ఛార్జరు, పిల్లాడికో చొక్కా. తీసుకోవడానికి సిగ్గుపడొద్దు. రేపు వాళ్లకు తలనొప్పి మాత్ర కావాల్సి రావచ్చు.

గదికి రోజూ వచ్చే సిబ్బందికి మొదటి పూటే పేరు పెట్టి పలకరించి మూడు ముక్కలు చెప్పండి: ఎంతమంది, ఎన్నింటికి నిద్రలేస్తారు, ప్రత్యేకంగా ఏం కావాలి. ఇన్సులిన్ ఉంటే అప్పుడే చెప్పాలి. కేబిన్లో కనిపించే చిన్న ఫ్రిజ్ చాలా ఓడల్లో నీళ్లు చల్లబరిచేంత మాత్రమే. పైగా కేబిన్ తలుపు తెరిచే కార్డు గోడ స్లాట్‌లోంచి తీసేస్తే కొన్నిచోట్ల కరెంటు కూడా ఆగిపోతుంది. అడిగితే వైద్య కేంద్రంలో గానీ వేరే మంచి ఫ్రిజ్‌లో గానీ పెట్టిస్తారు. ఇన్సులిన్‌ను ఐసుముక్కలకు ఆనించి ఉంచకూడదు, గడ్డకడితే పనికిరాదు.

వరండాలన్నీ ఒకేలా ఉంటాయి. పెద్దవాళ్లూ పిల్లలూ దారి తప్పేది అందుకే. కేబిన్ తలుపులు మామూలుగా ఇనుపవి కాబట్టి ఫ్రిజ్‌కి అంటించే మ్యాగ్నెట్ బొమ్మ ఒకటి తలుపుకి అంటిస్తే పిల్లలు ఇట్టే గుర్తుపడతారు.

ఓడ కదలకముందు జరిగే భద్రతా డ్రిల్‌ను తప్పించుకోవాలని చూడకండి. ఏడు పొట్టి కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత వినిపిస్తే ఆపద సంకేతం. ఆ కేబిన్ కార్డు మీదా తలుపు వెనకా రాసి ఉన్న చోటికి అందరూ చేరాలి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలోని జిలియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాతికి గుద్దుకుని ఒరిగిపోయినప్పుడు ఓడలో 4,200 మందికి పైగా ఉన్నారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి ఇంకా డ్రిల్ జరగలేదు. 32 మంది చనిపోయారు. ఒడ్డుకు చేరినవాళ్లను ఆదుకున్నది ఆ చిన్న దీవి జనం. చలికాలపు అర్ధరాత్రి ఇళ్లూ బడీ చర్చీ తలుపులు తీసి, ఇంట్లో ఉన్న దుప్పట్లూ బట్టలూ తెచ్చి కప్పారు. ఓడ బయలుదేరే ముందే గానీ బయలుదేరిన వెంటనే గానీ డ్రిల్ చేయాలన్న నిబంధన ఆ ప్రమాదం తర్వాతే గట్టిపడింది.

ఆపద వేళ లిఫ్టులు వాడనివ్వరు. మెట్లు దిగలేనివాళ్ల జాబితా సిబ్బంది దగ్గర ఉంటుంది. వాళ్లను మోసుకెళ్లడానికి మనుషులను కేటాయిస్తారు. ఆ జాబితాలో పేరు చేరాలంటే మీరు రిసెప్షన్‌లో చెప్పి తీరాలి. మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా నడిచే నాన్నగారిని ‘ఫర్వాలేదు, ఆయన నడుస్తారు’ అనేయడం మన దగ్గర మామూలే. ఇక్కడ మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రెండో రోజు: నడి సముద్రం

చెన్నై నుంచి విశాఖకు నీటి మీద దాదాపు 330 నాటికల్ మైళ్లు, అంటే 600 కిలోమీటర్ల పైమాటే. ఒక రాత్రీ పగలూ రాత్రీ ప్రయాణం. మన దివిసీమ, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి ఎడమవైపున ఎక్కడో ఉంటాయి. ఒడ్డుకి చాలా దూరంగా వెళ్లడంతో కంటికి ఆనవు. ఫోను సిగ్నల్ తీరం దాటిన కాసేపటికే పోతుంది. వెంటనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. ఓడలోని నెట్‌వర్క్‌కి ఫోను దానంతటదే అతుక్కుంటే రోమింగ్ బిల్లు వాచిపోతుంది.

ఈ రోజు అందరినీ కుదిపేది కడుపులో తిప్పడం. కంటికి గది కదలకుండా కనిపిస్తుంటే చెవి లోపలి భాగం ఒళ్లు ఊగుతోందని చెబుతుంది. ఆ రెండూ పొసగకే వాంతులు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకూ, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లకూ బంగాళాఖాతం ఎక్కువ ఊగుతుంది. తలుపు మూసుకుని పడుకుంటే ఇంకా తిప్పుతుంది. ఓడ నడిమధ్యకి, కింది డెక్కుల్లోకి వస్తే ఊపు తగ్గుతుంది. బయటికి వచ్చి దిగంతం వైపు చూపు నిలపాలి, ఫోను చూడకూడదు. పొట్ట ఖాళీగా ఉంచకూడదు: ఉప్పు బిస్కెట్లు, అల్లం ముక్క, చిన్న గుక్కల్లో నీళ్లు.

ఇక్కడే తోటి ప్రయాణికుల దయ ఎక్కువగా కనిపిస్తుంది. రెయిలింగు పట్టుకుని కూర్చున్న మనిషిని చూడగానే ఎవరో కాగితం సంచీ, ఇంకొకరు నిమ్మకాయ, మరొకరు అవోమిన్ మాత్ర తెచ్చి చేతిలో పెడతారు. సంచీ, నిమ్మకాయ తీసుకోండి. మాత్ర విషయంలో మాత్రం ఆగి పేరు, గడువు తేదీ చదవండి. అవోమిన్ లాంటివి నిద్రమత్తు తెస్తాయి. కంట్లో నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్లు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. చిన్నపిల్లలకు అసలు ఇవ్వకూడదు. పైగా ఇవి వాంతి మొదలయ్యాక అంతగా పనిచేయవు, గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. రిసెప్షన్‌లో అడిగితే వాళ్ల దగ్గరా మాత్రలుంటాయి. వైద్య కేంద్రానికి వెళ్తే ఫీజు ఉంటుంది, ప్రయాణ బీమా ఉంటే రసీదు దాచుకోవాలి. తగ్గకుండా వాంతులవుతున్నా, నీళ్లు కూడా నిలవకపోయినా ఫీజుకి వెనకాడొద్దు.

వాంతులకు తోడు విరేచనాలు కూడా అయితే అది ఊపు వల్ల వచ్చింది కాకపోవచ్చు. ఓడల్లో నోరోవైరస్ ఒకరి నుంచి ఒకరికి గబగబా పాకుతుంది. శానిటైజర్ దాన్ని సరిగా చంపదు. సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దుకుని కడగాలి. అలాంటప్పుడు దాచకుండా చెప్పి గదిలో ఉండిపోవడం మీరు పరాయివాళ్లకు చేసే పెద్ద మేలు. భోజనం గదికే పంపిస్తారు.

భోజనాల దగ్గర పెద్ద బల్లలు పంచుకోవాల్సి వస్తుంది. గుజరాతీ కుటుంబం పక్కన తమిళులు, వాళ్ల పక్కన మీరు. మన పెద్దవాళ్లకు మెత్తటి అన్నం, పెరుగు కావాలంటే ముందు రోజు రాత్రే రెస్టారెంటు పెద్దకు చెప్పాలి. అప్పటికప్పుడు అడిగితే వంటింట్లో కుదరకపోవచ్చు. చేయి వణికే తాతగారికి చపాతీ చిన్న ముక్కలుగా తుంచి, కూర గిన్నె కుడిచేతికి దగ్గరగా జరిపి, చెంచా పిడి ఆయన వైపు తిప్పి పెట్టే వెయిటర్లను చూడొచ్చు. అంతా అడక్కుండానే, ఆయన చిన్నబుచ్చుకోకుండా.

ఈ సిబ్బంది ఎంతసేపు పనిచేస్తారో తెలిస్తే వాళ్ల నవ్వు విలువ అర్థమవుతుంది. 2006లో రూపొంది 2013 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆ 10 గంటల్ని రెండుకి మించి ముక్కలు చేయకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలుండాలి. నెలల తరబడి వారాంతపు సెలవు లేకుండా ఇలా పనిచేస్తారు. మనతో కూర్చుని తినమని, గదిలోకి వచ్చి కాఫీ తాగమని బలవంతపెట్టకండి. వాళ్ల నియమాలు ఒప్పుకోవు, మాట పడేది వాళ్లే.

పిల్లల విషయంలో గట్టిగా ఉండాలి. ఎంత మంచివాళ్లయినా నిన్న పరిచయమైనవాళ్లకు పిల్లల్ని అప్పగించి హౌసీ ఆటకి వెళ్లొద్దు. ‘థాంక్సండీ, మా దగ్గరే ఉంటారు’ అంటే నొచ్చుకునేవాళ్లుండరు. ఈతకొలను దగ్గర కాపలా మనిషి ఉంటాడనీ అనుకోకండి. చాలా ఓడల్లో ఉండడు.

బయటి డెక్కుల్లోకి వెళ్లే తలుపులకు ఎత్తు గడపలుంటాయి. చక్రాల కుర్చీ అక్కడ ఆగిపోతుంది. వెనక వచ్చేవాళ్లను ‘బాబూ, కాస్త ఈ గడప దాటించు’ అంటే చాలు. సాయం చేసేవాళ్లు కుర్చీని ముందు నుంచి లాగకూడదు. వెనక్కి తిప్పి పెద్ద చక్రాలు ముందు దాటించాలి, కూర్చున్నవాళ్ల కాళ్లు పాదాల పలక మీదే ఉన్నాయో లేదో చూడాలి.

మూడో రోజు: విశాఖ

తెల్లవారుజామునే లేచి పైడెక్కుకి రండి. పైలట్ పడవ ఓడ పక్కకి వస్తుంది, ఓడకు రేవులోకి దారి చూపే పైలట్ తాడు నిచ్చెన పట్టుకుని ఎక్కుతాడు, ఓడను లాగే టగ్గు పడవలు అందుకుంటాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగోడలా నిలబడటం వల్లే 1933లో ప్రారంభమైన ఈ రేవుకి సహజమైన రక్షణ దొరికింది. వెంకటేశ్వరస్వామి కొండ, రాస్ హిల్ చర్చి, దర్గా కొండ మూడూ దగ్గరదగ్గరగా ఉంటాయి. విహార ఓడల కోసం కట్టిన టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది.

ఈ రోజు లెక్క తిరగబడుతుంది. నిన్నటిదాకా హిందీ, ఇంగ్లీషు వచ్చినవాళ్లు మనకు సాయం చేశారు. ఇవాళ వాళ్లు బోర్డు చదవలేరు, ఆటో బేరం తెలియదు, ఎక్కడ కారం తక్కువ ఉంటుందో తెలియదు. ఇవాళ సాయం మన వంతు. నిన్న నిమ్మకాయ ఇచ్చిన పెద్దావిడ గేటు దగ్గర అయోమయంగా నిలబడితే దాటిపోకండి. వెళ్లాల్సిన చోటూ తిరిగి రావాల్సిన చోటూ తెలుగులో రాసిచ్చి, ఆటో అన్నతో రాకపోకలకు కలిపి మాట్లాడి, ఆ నంబరు ఫొటో తీసి ఆవిడ ఫోన్లో పెడితే సరిపోతుంది. చోటుంటే కలిసే వెళ్లొచ్చు. ఖర్చు ఎక్కేముందే పంచుకోవాలి.

ఉన్న గంటల్లో బీచ్ రోడ్డు, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి హాయిగా చూడొచ్చు. కురుసుర సోమవారం మూసి ఉంటుంది. లోపల దాటాల్సినవి గుండ్రటి ఇరుకు ద్వారాలు కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయటి నుంచే చూడటం మంచిది. సింహాచలం దర్శనం క్యూని బట్టి గంటలు తినేస్తుంది, ఓడ రోజున పెట్టుకోకపోవడమే నయం. ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగొద్దు. కింద నుంచి లాగేసే ప్రవాహాలున్నాయి. గజ ఈతగాళ్లు ఈల వేసి అరిస్తే కోపం తెచ్చుకోకండి, అంతకంటే పెద్ద దయ ఆ ఒడ్డున లేదు.

ఓడ కదిలే వేళకు గంట ముందే గేటు దగ్గరుండాలి. ఆ రోజు పంచే కాగితం మీద రేవు ఏజెంటు ఫోను ఉంటుంది. దిగేముందే ఫొటో తీసుకోండి. ఎవరైనా రాలేదని తెలిస్తే తోటి ప్రయాణికులు వెంటనే రిసెప్షన్‌లో చెప్పాలి. ఫోను చేసి ఎక్కడున్నారో కనుక్కోవడానికి అప్పుడింకా సమయముంటుంది.

నాలుగో రోజు: మళ్లీ సముద్రం

ఈ రోజుకల్లా మొహాలు పరిచయమవుతాయి, ఒళ్లు ఊపుకి అలవాటుపడుతుంది. సిబ్బందికి ఏదైనా ఇవ్వాలనుకుంటే ఇవాళే ఇవ్వడం మంచిది, చివరి రాత్రి వాళ్లకు ఊపిరాడదు. రాత్రికి ఇంతని సర్వీసు ఛార్జీ చాలా ఓడల్లో బిల్లులోనే కలుస్తుంది. ఆపైన ఇచ్చేది మీ ఇష్టం. తిండి వస్తువుల కంటే మన కొండపల్లి బొమ్మ మంచి కానుక. తెల్లపొణికి కర్రతో చేసింది కాబట్టి తేలిక, స్కానర్‌లో ఇబ్బంది పెట్టదు, ఇరుకు గదిలో మంచం పక్కన పట్టేస్తుంది. అరచేతిలో ఇమిడేవి ఎంచుకుని, రంగు పెచ్చులూడకుండా పాత చొక్కాలో చుట్టుకుని తెచ్చుకోవాలి.

ఐదో రోజు: పుదుచ్చేరి

ఇక్కడ పెద్ద ఓడ ఒడ్డుకి దూరంగా లంగరు వేస్తుంది. చిన్న టెండర్ పడవల్లోకి మారాలి. ఓడా పడవా చెరోలా పైకీ కిందికీ ఊగుతుంటాయి, ఆ సందులో కాలు పడటమే ప్రమాదం. తలుపు దగ్గర ఇద్దరు నావికులు చేతులు చాపి నిలబడతారు. వాళ్ల వేళ్లు పట్టుకోకూడదు. మీ అరచేతితో నావికుడి ముంజేతిని, అతను మీ ముంజేతిని పట్టుకోవాలి. చెమటతో ఒకరి పట్టు జారినా రెండోవారి పట్టు నిలుస్తుంది. పడవ పైకి లేచి ఓడ అంచుతో సమానమైన క్షణంలో ‘ఇప్పుడు’ అంటారు. అప్పుడు ఒక్క అడుగు వేయాలి, దూకకూడదు. చేతిసంచీ ముందుగానే అందించేసి రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవాలి. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోవడం మంచిది. వెనకున్నవాళ్లు తోయకూడదు, సాయం చేయాలనిపిస్తే దూరంగా నిలబడి చోటివ్వాలి.

అలలు ఎక్కువుంటే కెప్టెన్ పడవలు ఆపేస్తాడు. రిసెప్షన్ దగ్గర గొడవ చేసి లాభం లేదు, అక్కడి అమ్మాయి చేతిలో ఏమీ ఉండదు. దిగగలిగితే బీచ్ రోడ్డు, మనకుళ వినాయకుడి గుడి, అరవిందాశ్రమం నడకలోనే అయిపోతాయి.

ఆ రాత్రి పెట్టెలు ట్యాగులతో తలుపు బయట పెట్టమంటారు. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు, మందులు, పళ్లసెట్టు తీసి ఉంచుకున్నాకే తాళం వేయండి. పెట్టె ఒకసారి వెళ్లిపోతే మళ్లీ కనిపించేది చెన్నై ఒడ్డునే.

ఆరో రోజు: చెన్నై, అక్కడి నుంచి ఇంటికి

దిగడం వరసల ప్రకారం పొద్దున్నే మొదలవుతుంది. బిల్లు ముందు రాత్రే చూసుకుంటే క్యూ తప్పుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక సెంట్రల్‌లో కదిలే పినాకిని రాత్రి తొమ్మిది ప్రాంతంలో బెజవాడలో దించుతుంది, మధ్యలో తీరిగ్గా భోజనం చేయడానికి సమయముంటుంది.

దిగేముందో, ఇంటికొచ్చిన వారంలోనో కంపెనీ అభిప్రాయం అడుగుతుంది. దాన్ని ఖాళీగా వదలకండి. సిబ్బందికి కొత్త కాంట్రాక్టు, పైమెట్టు ఉద్యోగం ఇచ్చే దగ్గర ఆ రాతలు లెక్కలోకి వస్తాయి. ‘అందరూ బాగా చూశారు’ అని రాస్తే ఎవరికీ చెందదు. చొక్కా మీది పేరు, పనిచేసే చోటు, తేదీ, ఏం చేశారో ఒక్క వాక్యం రాయాలి: ఫలానా రాత్రి భోజనం దగ్గర మా నాన్నగారికి చపాతీ తుంచి పెట్టాడు, మర్నాడు మేము చెప్పకముందే మెత్తటి అన్నం తెచ్చాడు. పేరు సరిగా గుర్తుండదు కాబట్టి మూడో రోజు నుంచే ఫోన్లో రాసుకుంటూ ఉండండి.